తెల్ల కార్ల ఊళ్ళో నార్మత్ అకా

మా పేటలో ఎవరి కారు మొరాయించినా మొదట వెళ్ళేది మెకానిక్ దగ్గరికి కాదు, నార్మత్ అకా దగ్గరికి. అకా అంటే అన్న. ఆయనకంటే పెద్దవాళ్ళు కూడా ఆయన్ని అలాగే పిలుస్తారు. మా చుస్త్ ఊరి బజారులో టోపీలు కుట్టేవాళ్ళ వరుస చివర ఆయన క్షౌరశాల ఉండేది. చేతులు వణకడం మొదలయ్యేదాకా అక్కడే నిలబడి ఊరి గడ్డాలన్నీ గీశాడు. కారు విప్పి లోపల చెయ్యి పెట్టిన మనిషి కాదు. ఆయనకొచ్చిన కారు విద్యంతా ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు చెప్పిందే. లారీ డ్రైవర్లు, టాక్సీవాళ్ళు, టైర్లకు పంక్చర్లేసేవాళ్ళు నురగ పూసిన మొహంతో, కదలకుండా, పెదవులు మాత్రం ఆడిస్తూ తమ బళ్ళ కష్టాలు చెప్పుకునేవారు.

"గొంతు మీద కత్తి ఉండగా ఎవడబద్ధమాడతాడోయ్? నాకు తెలిసిందంతా నిజమే," అనేవాడు నాతో.

క్షౌరశాల మూసేశాక, అరవై దాటాక, తన మొదటి కారు కొన్నాడు. అప్పటినుంచీ ఆయన వాకిట్లోని చెక్క మంచం మీద టీ కుండ, దాని చుట్టూ కార్ల గొడవలు.

"అకా, బ్రేకు నొక్కితే స్టీరింగ్ వణుకుతోంది."

"నొక్కితేనేనా, నొక్కకపోయినానా?"

"నొక్కితేనే."

"అయితే చక్రాల జోలికి పోకు. బ్రేకు డిస్కు వంకర తిరిగింది. నొక్కకుండా వేగం మీద వణికితే అప్పుడు చక్రాల బరువు సరిచేయించు. టీ తాగు."

ఇంకొకడు వచ్చి, చలికి పొద్దున్నే వెనక చక్రాలు కదలడం లేదంటాడు. "వాన పడ్డ రాత్రి చేతి బ్రేకు లాగి పడుకున్నావా? తడి గడ్డకట్టి బ్రేకు పట్టేసింది నాయనా. గేరులో వదిలి, చక్రం కింద ఇటుక పెట్టుకో. దాని మీద మరుగు నీళ్ళు మాత్రం పొయ్యకు, మళ్ళీ గడ్డకడుతుంది." అద్దాలకు ఆవిరి పడుతోందని మూడోవాడు. "చలికాలమని ఏసీ మూలన పెట్టావా? వేడిగాలి, ఏసీ రెండూ కలిపి వెయ్యి. చెమ్మ లాగేస్తుంది."

అన్నీ ఒప్పే అవుతాయని కాదు. మందుల షాపు కమోలిద్దీన్‌తో, డ్యాష్‌బోర్డు మీద నారింజ దీపం వెలిగితే పెట్రోలు మూత గట్టిగా బిగించు చాలన్నాడు. నిజమే, ఒక్కోసారి అదే కారణం. ఆసారి కాదు. కమోలిద్దీన్ కారును తాడుకట్టి లాక్కొచ్చారు. అయినా మర్నాడు అతనే వచ్చి, "అకా, ఆ తాడు ఏ కొక్కేనికి కట్టాలో నీకు తెలుసా?" అని అడిగాడు. ఎందుకొచ్చాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. టీ కోసమేమో.

మా లోయలో పది కార్లు నిలబెడితే తొమ్మిది తెల్లవి, ఒకే రకం. వాటికి ఒకే బజారులో కొన్న ఒకే చారల సీటు తొడుగులు. అందుకే ఒకడు అద్దానికి రిబ్బను కడతాడు, ఒకడు దిష్టిపూస వేలాడదీస్తాడు, ఒకడు వెనక గద్ద బొమ్మ అతికిస్తాడు. నార్మత్ అకా ఏ గుర్తూ పెట్టనివ్వలేదు.

"కన్న బిడ్డకి ఎవడైనా చీటీ కడతాడా? నా కారు దగ్గితే నాకు తెలుస్తుంది," అనేవాడు.

అలాంటి మనిషి ఒక ఎండాకాలం మసీదు ముందు కారు నిలిపి, నమాజు చేసుకుని, బజారులో పుచ్చకాయ కొని, దాన్ని చంకన పెట్టుకుని నడిచి ఇంటికొచ్చేశాడు. సాయంత్రం వాకిలి ఖాళీగా కనపడేసరికి కారు పోయిందని గోల. పేట సగం వెతకడానికి బయల్దేరింది. కారు మసీదు ముందే, ఎక్కడ వదిలాడో అక్కడే ఉంది. అందరూ నవ్వారు, ఒక్క కొడుకు అస్రోర్ తప్ప. అస్రోర్ మా ఊరి బడిలో లెక్కల మాస్టరు, తక్కువ మాట్లాడే మనిషి.

"నాన్నా, ఇంకొక్కసారి ఇలాంటిది జరిగితే కీ నా దగ్గరుంటుంది," అన్నాడు.

అడ్డంగా నిలిపిన కారును తియ్యమని చెప్పడానికి వీలుగా ఇక్కడ ప్రతివాడూ ముందు అద్దం దగ్గర తన ఫోన్ నంబరు అట్ట మీద రాసి పెడతాడు. అస్రోర్ ఆ అట్ట మార్చి తన నంబరు పెట్టాడు. 

కీ పోతే పోయేది కారొక్కటే కాదు. ఆయన భార్య ఖుమ్రికి మోకాళ్ళ నొప్పులు. ఆమె అక్క రిసోలత్ కొండ మీది తెరక్‌సోయ్ ఊళ్ళో మంచాన పడి ఉంది. బస్సు కొండ కిందే ఆగిపోతుంది. వారం వారం ఖుమ్రిని పైకి తీసుకెళ్ళేది ఆయనే. ఇంకొకటి కూడా ఉంది, ఆయన పైకి చెప్పుకోనిది. కారు లేని మనిషి దగ్గరికి కారు సలహాకి ఎవరొస్తారు?

అసలు సంగతి జరిగింది ఆ ఏడు శీతాకాలం మొదట్లో. ఎవరో బంధువు కొడుకు పెళ్ళి. మా ఆచారం ప్రకారం మగవాళ్ళకి తెల్లవారుజామునే పలావు విందు. నమాజు కాగానే నార్మత్ అకా, నేను ఆయన కారులో పెళ్ళి హాలుకు వెళ్ళాం. దట్టమైన పొగమంచు. రెండు రోజుల వానకి కార్లన్నీ నెంబర్లు కనపడనంత బురద కొట్టుకుని ఉన్నాయి. హాలు ముందు తెల్ల కార్లు మందలాగా ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుని ఉంటాయి కనుక, కీలు అక్కడి కాపలావాడికి ఇచ్చి లోపలికి వెళ్ళడం పద్ధతి. ముందరిది తియ్యాలంటే వెనకది జరపాలి కదా.

పలావు తిన్నాం, దీవెనకు చేతులెత్తాం, మొహాలు తడుముకున్నాం, లేచాం. కొత్తవాళ్ళకి చోటివ్వాలి. బయట కాపలావాడు, "రండి పెద్దాయనా, మీ బండి అప్పుడే తీసి పెట్టాను," అంటూ ఇంజను ఆడుతున్న కారు తలుపు తెరిచాడు. ఎక్కాం.

మలుపు తిరిగేసరికి నార్మత్ అకా చెవి పక్కకి వాల్చాడు.

"వెనక బరువుగా లేదూ?"

"పలావు తిన్నాం కదా," అన్నాను.

"మనం ముందు కూర్చున్నామోయ్. వెనక అంటున్నాను."

నాకేమీ తెలియలేదు. కారు నాకు కదిలే కుర్చీ, అంతే. ఆయన మాత్రం గొణుగుతూనే ఉన్నాడు. క్లచ్ పైకొచ్చి పట్టుకుంటోందట. నిన్నటిదాకా కింద పట్టుకునేదట. సీటు వెనక్కి జరిగిందని దాన్ని ముందుకు లాక్కుని, "కాపలావాడి కాళ్ళు పొడుగు," అని సర్దిచెప్పుకున్నాడు.

తెరక్‌సోయ్ వెళ్ళే రోజు కావడంతో, వాళ్ళ వాకిట్లో ఇంజను ఆపకుండానే హారను కొట్టాడు. ఖుమ్రి వేడి రొట్టెలు గుడ్డలో చుట్టుకుని వచ్చి వెనక సీట్లో కూర్చుంది. కూర్చోగానే ముక్కు ఎగబీల్చింది.

"అస్రోర్ వాళ్ళ నాన్నా, ఇది మన కారు వాసన కాదే?"

"పొగమంచు వాసన. తలుపెయ్యి."

"పొగమంచుకి గొర్రె వాసన ఉంటుందా?"

"పెళ్ళిలో మాంసం తిన్నాం, ఆ వాసనే. తలుపెయ్యమంటుంటే!"

ఆమె ఆ మాట ఇంకో రెండుసార్లు అంది. మేమిద్దరం పట్టించుకోలేదు. తర్వాత ఆ రోజుని తలుచుకున్నప్పుడల్లా, మా ముగ్గురిలో సరైన మాట మొదట ఎవరన్నారో నాకు గుర్తొస్తూనే ఉంటుంది.

ఊరు దాటాక చిన్న ఎత్తు వచ్చింది. పిల్లలు సైకిలు మీద ఎక్కే ఎత్తు. కారు మూలిగింది. ఆయన గేరు తగ్గించాడు, అయినా మూలిగింది.

"లాగడం లేదు," అన్నాడు నెమ్మదిగా. "గాలి వడపోత మూసుకుపోయిందా? స్పార్కు ప్లగ్గులా? మొన్ననే మార్పించాను కదా. మార్పించానా లేదా, సోబిత్?"

"మార్పించావనే చెప్పావు."

"చెప్పడం వేరు. మార్పించడం నువ్వు చూశావా?"

నేను చూడలేదు. అప్పటికి ఆయన మొహంలో కోపం లేదు, ఏదో లెక్క తప్పినట్టు చూస్తున్నాడు.

కొండ దారి మొదట్లో టైర్ల కొట్టు ఉంది. అక్కడ ఆపి, కీ తిప్పి ఇంజను ఆపాడు. అప్పుడు చూశాడు కీ వంక. ఖుమ్రి ఆ కీకి టోపీల మీద కుట్టే మిరపకాయ గుర్తును చిన్న గుడ్డ మీద తెల్ల దారంతో కుట్టి వేలాడదీసింది. అది లేదు. మామూలు నల్ల కీ, ఇనుప రింగు. ఆయన వెంటనే దాన్ని గుప్పిట్లో మూసేసుకుని నావైపు తిరిగి, పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

"పడిపోయింది ఎక్కడో," అన్నాడు చెవిలో. "ఆవిడకి చెప్పకు. మూడు సాయంత్రాలు కుట్టింది."

టైర్ల ఆయన వెనక చక్రాల గాలి చూశాడు. "గాలి సరిగానే ఉంది అకా. కానీ ఎడమ వెనక టైరు లోపలి వైపు గుండు గీసినట్టుంది. చూసుకోలేదా మీరు?"

"నేనా? నేను పొద్దున్నే చలి మీద, కారు కదలకముందే గాలి చూస్తాను. అందరికీ అదే చెబుతాను. టైరు అరగడం నాకు కనపడదా?"

"కనపడలేదు మరి. ఊరందరికీ సలహాలు పంచేసి తమరు ఉత్త చేతులతో మిగిలారేమో!" అని నవ్వాడు అతను.

నార్మత్ అకా నవ్వలేదు. వంగి టైరు లోపలికి వేళ్ళు పోనిచ్చి తడిమాడు. గడ్డం నున్నగా వచ్చిందో లేదో చూసుకునేటప్పటి తడమడమే అది. లేచి, చేతులు తుడుచుకోకుండానే నిలబడ్డాడు.

ఈలోగా వెనక సీట్లోంచి ఖుమ్రి అరిచింది. ఆమె చేతిలో పొద్దుతిరుగుడు గింజల పొట్టు. తలుపు సంచీలోంచి గుప్పెడు తీసింది.

"ఇదేంటి? ఉప్పు గింజలు వద్దని డాక్టరు చెప్పలేదూ? మానేశానని నా తల మీద చెయ్యేసి చెప్పలేదూ?"

"నేను తినలేదు!"

"నువ్వు తినకపోతే కారు తిందా?"

"ఖుమ్రీ, నిజంగా..." అని ఆగిపోయాడు. ఆ ఆగిపోవడమే నన్ను భయపెట్టింది. తినలేదన్న నమ్మకం ఆయనకే జారిపోతున్నట్టుంది. "తిన్నానేమో," అన్నాడు చివరికి.

 పోట్లాడతాడనుకున్న మనిషి ఒప్పేసుకుంటే ఏం చెయ్యాలో తోచనట్టు ఆమె గింజల పొట్టు మళ్ళీ ఆ సంచీలోనే పోసేసింది.

మళ్ళీ బయల్దేరాం. ఎడమ వైపు వెనకనుంచి ఏదో రొద. నాక్కూడా వినిపించింది.  ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు:

"సోబిత్, నువ్వు చదువుతుంటావు కదా. మనిషి బుర్ర పోయేటప్పుడు వాడికి తెలుస్తుందా?"

"అలాంటివి నేను చదవలేదు."

"నాకైతే కారు మారిపోయినట్టుంది. కారు మారదు కదా. మరి మారింది నేనే కావాలి."

వెనకనుంచి ఖుమ్రి, "ఏం గుసగుస?" అంది.

"ఏం లేదు. గ్యాసు తగ్గింది అంటున్నా."

నిజంగానే తగ్గింది. గ్యాసెంతుందో చూపే దీపాల్లో ఒక్కటే మిగిలి మిణుకుమంటోంది. పెట్రోలు ముల్లు ఏకంగా అడుగున పడుకుంది. అది చూసి ఆయన గట్టిగా నిట్టూర్చాడు. ఇక్కడ కారు పెట్రోలు మీద లేచి, వేడెక్కాక గ్యాసుకు మారుతుంది. గ్యాసు చవకని కొందరు పెట్రోలు పొయ్యడమే మానేస్తారు. ట్యాంకు లోపలి పంపు ఆ పెట్రోలులో మునిగే చల్లగా ఉంటుంది, ట్యాంకు ఎండితే పంపు కాలుతుంది, పావు ట్యాంకు ఎప్పుడూ ఉంచుకోండి అని ఆయన మా పేటలో చెప్పని మనిషి లేడు. ఇప్పుడు ఆయన ట్యాంకే ఎండిపోయి ఉంది.

"ఇదీ మర్చిపోయాను," అన్నాడు.

ప్రొపేన్ బంకు గేటు దగ్గర ఆగాం. గ్యాసు పట్టేటప్పుడు కారులో డ్రైవరు తప్ప ఎవరూ ఉండకూడదు. నేనూ ఖుమ్రీ దిగి, మిగతా కార్ల జనంతో కలిసి గోడ పక్క బెంచీ మీద కూర్చున్నాం. ఆమె రొట్టెల మూటను శాలువా కింద దాచుకుంది. పొగమంచు కొంచెం విడింది. లోపల నార్మత్ అకా వరుసలో నిలబడి, తన వంతు రాగానే ముందుకు పోనిచ్చి దిగాడు. బంకువాడు గొట్టం పట్టుకుని కారు వెనక్కి వెళ్ళాడు. వంగాడు. లేచాడు. అటువైపు వెళ్ళి మళ్ళీ వంగాడు.

"ఏం వెతుకుతున్నాడు?" అంది ఖుమ్రి.

నార్మత్ అకా కూడా వంగాడు. ఇద్దరూ కలిసి బంపరు కింద తడుముతున్నారు. వెనక కార్లవాళ్ళు హారన్లు కొట్టడం మొదలుపెట్టారు. ఒకతను దిగొచ్చి తనూ వంగాడు. ముగ్గురు మగాళ్ళు తెల్ల కారు వెనక మోకాళ్ళ మీద కూర్చుని దాని కిందకి చూస్తుంటే బెంచీ మీద ఎవరో పకపకా నవ్వారు. ఇక ఆగలేక గేటు దాటి లోపలికి వెళ్ళాను. బంకువాడు వద్దని చెయ్యూపాడు గానీ, ఆపలేదు.

"గొట్టం తగిలించే చోటే లేదు తాతా," అంటున్నాడు.

"లేకపోవడమేంటి? ఆరేళ్ళనుంచీ ఇక్కడే పట్టిస్తున్నాను, బంపరు కింద కుడి పక్కన!"

"అయితే కన్నం ఎవడో ఎత్తుకెళ్ళాడు," అన్నాడు వెనక కారతను. "ఈ కాలం దొంగలు కారుని వదిలేసి కన్నాలు పట్టుకుపోతున్నారు."

"డిక్కీ తియ్యండి," అన్నాడు బంకువాడు.

తీశారు. లోపల అడ్డంగా పంది పడుకున్నట్టు ఎర్రటి పెద్ద సిలిండరు. బంకువాడు ఈల వేశాడు.

"ఇది మీథేన్ బండి తాతా. మీది మీథేన్. ఇక్కడ పట్టేది ప్రొపేనే. ఇంజను మూత కిందుంటుంది దీని మూతి. అవతలి బంకుకి పొండి."

నార్మత్ అకా ఆ ఎర్ర సిలిండరు వంక చూస్తూ నిలబడ్డాడు. ఆయన ప్రొపేన్ తొట్టి స్టెప్నీ గుంటలో గుండ్రంగా, నల్లగా ఉండేది. నేనూ చూశాను దాన్ని.

"అస్రోర్ మార్పించాడా?" అన్నాడు నావైపు తిరిగి. "నాకు చెప్పకుండా? లేక చెప్పాడేమో. చెప్పాడా, సోబిత్?"

"వాడికి ఫోను చేసి అడుగు."

"ఎలా అడగను?" అని నా చెయ్యి పట్టుకున్నాడు. "నా కారు ఏ గ్యాసు మీద నడుస్తుందో చెప్పు నాయనా అని అడగనా? ఆ పూటే కీ పోతుంది. రిసోలత్ మంచం మీంచి తలుపు వైపు చూస్తూ ఉంటుంది. వద్దు, ఫోను చెయ్యకు."

సిలిండరు బరువుకి వెనక కుంగుతుంది. మీథేన్ మీద ఎత్తెక్కడం కష్టం. ఇవన్నీ ఆయనే ఎన్నోసార్లు ఎవరెవరికో నా ఎదుటే చెప్పాడు. ఆ పూట ఒక్కటీ ఆయనకి తట్టలేదు, నాకూ తట్టలేదు. తన బుర్ర పోయిందని గట్టిగా నమ్మిన మనిషికి మరో కారణం కనపడదేమో.

వెనక హారన్లు ఎక్కువయ్యాయి. విసిగిపోయిన బంకువాడు ముందుకు వెళ్ళి అద్దం దగ్గరి అట్ట చూశాడు.

"ఇది మీ నంబరేనా?" అంటూ తన ఫోను తీసి నొక్కాడు.

మాకు ఆ అట్ట సంగతే మనసులో లేదు. అది బయటివాళ్ళు చదవడానికి పెట్టేది కదా, లోపల కూర్చున్నవాడికి దాని వెనకవైపే కనపడుతుంది. నార్మత్ అకా అలవాటుగా జేబు మీద చెయ్యి పెట్టుకుని ఎదురుచూశాడు. జేబు మోగలేదు. తర్వాత గుర్తొచ్చింది, అట్ట మీద ఉండేది అస్రోర్ నంబరని. ఆయన మొహం పాలిపోయింది. ఫోన్లోంచి కేక మాత్రం మా అందరికీ వినపడింది.

"ఎవడ్రా నా కారు ఎత్తుకుపోయింది!"

అది అస్రోర్ గొంతు కాదు.

బంకువాడు ఫోను చెవికి దూరంగా పట్టుకుని నార్మత్ అకా వంక చూశాడు. నార్మత్ అకా నా వంక చూశాడు. నేను కారు వెనక్కి వెళ్ళి, చేతి రుమాలుతో నంబరు పలక మీది బురద తుడిచాను. ఆ నంబరు ఆయన కారుది కాదు.

"సోబిత్," అన్నాడు. "అయితే ఆ గింజలు నేను తినలేదన్నమాట."

గోడ పక్క బెంచీ మీద మాతో పాటు కూర్చున్నాడు. ఖుమ్రికి విషయం చెప్పాను. ఆమె మూట విప్పి రొట్టె తుంచి ఆయన చేతిలో పెట్టింది. ఆయన తినలేదు, పట్టుకుని కూర్చున్నాడు.

కాసేపటికి ఆయన అసలు కారు వచ్చింది. నడుపుతున్నది అస్రోర్. పక్కన లావుపాటి గొర్రెల వ్యాపారి, షరోఫిద్దీన్ అట. కాపలావాడు ఇచ్చిన తెల్ల కారు తనది కాదని తెలిసి, తనది హాలు ముందు ఎక్కడా కనపడక, ఆ కారు అద్దంలోని నంబరుకు అతను ఫోను చేశాడు. అది అస్రోర్ నంబరు. అస్రోర్ పాఠం మధ్యలో వదిలేసి వెళ్ళాడు; తండ్రికి ఫోను కలవలేదట, బంకువాడు చెప్పాకే ఇద్దరూ ఇటు బయల్దేరారు.

వ్యాపారి దిగుతూనే అరవబోయాడు. బెంచీ మీద చేతిలో రొట్టెముక్కతో కూర్చున్న ముసలాయన్ని చూసి ఆగాడు.

"సలామ్ పెద్దాయనా. మీరా?"

"నేనే. నువ్వెప్పుడు కనిపెట్టావు?"

"కూర్చోగానే. గింజల కోసం తలుపు సంచీలో చెయ్యి పెట్టాను, లేవు."

నార్మత్ అకా తల ఊపాడు. ఆ మాట ఆయనకి ఎక్కడో గుచ్చుకుందని నాకు తెలిసింది. కారు దగ్గితే గుర్తుపడతానన్న మనిషి కొండ సగం ఎక్కేదాకా గుర్తుపట్టలేదు. గింజలు తినేవాడు కూర్చున్న క్షణంలో గుర్తుపట్టాడు.

"నీ ఎడమ వెనక టైరు లోపలి వైపు అరిగిపోయింది," అన్నాడు కీ ఇస్తూ. "రొద కూడా చేస్తోంది, బేరింగు చూపించు. పెట్రోలు అస్సలు లేదు. పావు ట్యాంకన్నా పోసి ఉంచు, లేకపోతే పంపు కాలుతుంది. క్లచ్ పైకొచ్చి పట్టుకుంటోంది, అరిగిపోవచ్చిందేమో."

వ్యాపారి నోరు తెరిచాడు. "పంపు పోయిన నెలే కాలింది. టైరు సంగతి తెలీదు. రొదంటారా, అది ఈ చలికాలం టైర్లు వేశాకే మొదలైంది. బేరింగు కాదని మెకానిక్ చెప్పాడు."

"అయితే అది కాదేమో. మిగతావి చూసుకో."

వ్యాపారి వంగి వంగి దండాలు పెట్టి, తన గొర్రె వాసనతో, గింజలతో వెళ్ళిపోయాడు. మేం నలుగురం మిగిలాం. మిరపకాయ గుర్తున్న కీ అస్రోర్ చేతిలో ఉంది. ఎవరూ లాక్కోలేదు, ఎవరూ ఇవ్వలేదు. దానంతటది అక్కడికి చేరింది. నార్మత్ అకా దాన్నే చూస్తున్నాడు.

"నీ దగ్గరే ఉంచుకో నాయనా," అన్నాడు. "మాటంటే మాట. ఇది పుచ్చకాయ కంటే పెద్దది."

అస్రోర్ ఇబ్బందిగా కీని ఇటూ అటూ తిప్పాడు. "కాపలావాడు కూడా తప్పు చేశాడు నాన్నా. వాడే తెచ్చిచ్చాడట కదా."

"తెచ్చిచ్చాడు. తీసుకున్నది నేను."

"కానీ ఏమేం పాడయ్యాయో అన్నీ చెప్పావు."

"నాది కాని కారులో."

అస్రోర్‌కి లెక్క తేలడం లేదు. తండ్రి చెవి పనిచేస్తోందా, చెయ్యడం లేదా? పనిచేస్తోందంటే కారు మారిందని ఎందుకు తెలియలేదు? పోయిందంటే ఆ అరుగుడంతా ఎలా పట్టుకున్నాడు? వాడు నా వంక చూశాడు, పుస్తకాలు చదివే మనిషికి తెలుస్తుందేమోనని. నాకూ తెలియదు.

ఖుమ్రి లేచింది. మోకాలు పట్టుకుని, ఒక్కొక్క అడుగే వేస్తూ వచ్చి కొడుకు వేళ్ళలోంచి కీ తీసుకుంది.

"ఇది నీకూ కాదు, మీ నాన్నకీ కాదు," అంది. "ఇవాళ పొద్దున్న ఇది మన కారు కాదని మొదట అన్నది నేను. ఇద్దరు మగాళ్ళున్నారు, ఒక్కరూ వినలేదు. ఇకనుంచి కీ నా శాలువా కొంగున ఉంటుంది. ఎక్కడికెళ్ళాలన్నా నన్నడగాలి, నేను పక్కన కూర్చోవాలి. వెనక కాదు, ముందు. సోబిత్ అన్నా, నువ్వు వెనక్కి పో."

"అమ్మా, ఇలా అయితే..."

"నువ్వు బడికి పో. పిల్లలు బల్లలెక్కి ఉంటారు. మా అక్కకి రొట్టెలు చల్లారిపోతున్నాయి."

అస్రోర్ ఏదో అనబోయి నవ్వేశాడు. గేటు దగ్గర ఊరివైపు వెళ్ళే ఇంకో తెల్ల కారులో ఎక్కబోయి, వెనక్కొచ్చి దాని నంబరు చూసి, డ్రైవరుని పేరడిగి మరీ ఎక్కాడు.

కొండ ఎక్కాం. ఈసారి కారు మూలగలేదు. నార్మత్ అకా మాత్రం ప్రతి మలుపులోనూ చెవి వాల్చి విని, "ఇది మనదే కదా, ఖుమ్రీ?" అన్నాడు. ప్రతిసారీ ఆమె ముక్కు ఎగబీల్చి, "మనదే, పోనీ," అంది.

ఆ వారంలోనే ఆమె తన పాత పూల రుమాలు చీల్చి పక్క అద్దానికి కట్టింది. ఆయన వద్దనలేదు. చెక్క మంచం మీద టీ కుండ చుట్టూ మనుషులు తగ్గుతారని నేననుకున్నాను, పెరిగారు. గొర్రెల వ్యాపారి కథ ఊరంతా చెప్పాడట, ముసలాయన పరాయి కారులో కూర్చుని దాని రోగాలన్నీ చెప్పాడని. సగం నిజమే మరి.

కానీ ఇప్పుడు ఎవరైనా వచ్చి, "అకా, నా కారు కొత్తగా ఏదో శబ్దం చేస్తోంది," అంటే, ఆయన టీ పోయడం ఆపి వాళ్ళ మొహంలోకి చూస్తాడు.

"ముందు నంబరు చూశావా?" అని అడుగుతాడు.

వచ్చినవాడు నవ్వుతాడు. నార్మత్ అకా నవ్వడు. వాడు లేచి వాకిట్లోకి వెళ్ళి చూసొచ్చేదాకా టీ పొయ్యడు.